ఉట్టియు స్వర్గమును: హిందూమహాసముద్ర ద్వీపముల బాస్కెట్‌బాల్ పోటీలు



ఉట్టికెగరలేనమ్మ స్వర్గమునకెగురునా అని మన పల్లెలలో ఒక సామెత కలదు. ఈ సామెతను నేను నా జీవితములో ఒకమారు తప్పుచోట ప్రయోగించితిని. ఆ తప్పు ఒప్పుకొనుట ఈనాటి నా ప్రసంగమున సగము పని. నా తప్పు నాకు తెలియవచ్చుటకు కారణమైన ఒక ఆటను, ఆ ఆటకై సముద్రము దాటి ఒకచోట కూడుకొను కొన్ని దీవులను మీకు పరిచయము చేయుట తక్కిన సగము.

ఆట పేరు బాస్కెట్‌బాల్. బాస్కెట్టనగా బుట్ట, బాలనగా బంతి. దీవులు మన దేశమునకు దక్షిణముగాను నైరుతిగాను హిందూమహాసముద్రములో చెదరియున్నవి. వ్యాకరణము చెప్పుకొని బ్రతికిన ముసలి పంతులునకు బంతియాటతో నేమి పని యని మీరు నవ్వవచ్చును. నవ్వుడు, కాని తుదిదాక వినుడు.

మొదట ఆట పుట్టుకను చెప్పెదను. 1891వ సంవత్సరము డిసెంబరు మాసములో, అమెరికాయందలి స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున జేమ్స్ నైస్మిత్ అను వ్యాయామోపాధ్యాయుడు ఉండెను. ఆయన కెనడా దేశమున పుట్టినవాడు. అది చలికాలము, బయట ఆడుటకు వీలులేదు. తరగతిలోని పదునెనిమిది మంది యువకులు లోపల చేయించు కసరత్తులకు విసిగిపోయి అల్లరి చేయుచుండిరి. నాలుగు గోడల నడుమ ఆడదగినదియు, ఒకరినొకరు పడద్రోసికొని కాళ్లు విరుగగొట్టుకొననిదియు నగు ఆట యొకటి కావలసివచ్చెను. ఆయన రెండు పండ్లబుట్టలు తెప్పించి, వ్యాయామశాలకు రెండు వైపుల నున్న మేడవసారా కమ్ములకు కొట్టించెను. ఆ కమ్ములు నేలకు పది అడుగుల యెత్తున నుండుటచే బుట్టలును పది అడుగుల యెత్తున నిలిచినవి. పదుమూడు నిబంధనలు వ్రాసి గోడకు అంటించెను. బుట్టకు అడుగుండుటచే బంతి పడినప్పుడెల్ల నిచ్చెన వేసికొని తీయవలసివచ్చెడిది. ఐనను ఆ శ్రమ ఎక్కువగా కలుగలేదు. ఏలయన మొదటి ఆట ముగియునప్పటికి బుట్టలో పడిన బంతి ఒక్కటియే! తరువాత బుట్టలు పోయి, అడుగులేని వల వ్రేలాడు ఇనుప కడియములు వచ్చినవి. నిచ్చెన పోయినది. ఎత్తు మాత్రము నేటికిని మారలేదు.

కృష్ణాష్టమినాడు మనవారు ఉట్టి కొట్టుట మీరెరిగినదే. పైనున్నవాడు త్రాడు లాగుచు, తనకు నచ్చినవానికి ఉట్టిని దింపుచు, నచ్చనివానికి పైకెత్తుచు ఏడిపించును. ఈ బాస్కెట్‌బాల్ ఉట్టికి అట్టి త్రాడు లేదు. దొర బిడ్డ వచ్చినను దాసి బిడ్డ వచ్చినను పది అడుగులే. నేను చెప్పబోవు విషయమునకెల్ల ఇది ఆయువుపట్టు గనుక దీనిని జ్ఞాపకముంచుకొనవలెనని ప్రార్థించుచున్నాను.

ఇక ఆడు విధము. పక్షమునకు అయిదుగురు ఆటగాండ్రు. బల్లమీద మరి ఏడుగురు సిద్ధముగా కూర్చుండి, వంతులవారీగా లోపలికి వత్తురు. పది నిముషములు చొప్పున నాలుగు పాళ్లు. బంతి చేతబట్టుకొని పరుగెత్తరాదు. నేలకు కొట్టుచు, ఎగిరివచ్చిన బంతిని మరల కొట్టుచు సాగవలెను. లేదా తోటివానికి అందీయవలెను. దగ్గరనుండి కడియములో వేసిన రెండు గుణములు. ఆరుముప్పాతిక మీటర్ల దూరమున గీచిన వంపుగీతకు వెలుపలనుండి వేసిన మూడు. ఎదుటివాడు అన్యాయముగా కొట్టినను త్రోసినను తప్పు లెక్కింతురు. అయిదు తప్పులైనవాడు ఆ ఆటలో మరల కాలుపెట్టరాదు. బంతి తమవశమైన పక్షము ఇరువదినాలుగు సెకనులలోగా ఉట్టివైపు విసరితీరవలెను. ఈ నిబంధన మిగుల న్యాయమైనది. బలవంతుడు బంతిని దాచుకొని కాలము గడుపుటకు వీలుండదు. సమానముగా ముగిసిన ఆట లేదు; గుణములు సమమైనచో మరి అయిదు నిముషములు ఆడింతురు, అప్పటికిని తెగకున్న మరి అయిదు.

పొడుగువానికి ఈ ఆటలో లాభము కలదని ఎవరును కాదనరు. కాని బంతి నేలకు కొట్టుచు సాగునప్పుడు పొట్టివాని చేయి నేలకు దగ్గర. వేగము, చూపు, తోటివానికి అందీయవలసిన క్షణమును గుర్తెరుగుట, దూరమునుండి గురిచూచి వేయుట, ఇవి దేహపు కొలతతో వచ్చునవి కావు. పెక్కు దినముల సాధనతో వచ్చునవి.

ఈ ఆటకు కావలసిన నేల యెంత? మీరు భూమి లెక్కలు తెలిసినవారు గనుక ఆ మాట విప్పి చెప్పెదను. పొడవు ఇరువదియెనిమిది మీటర్లు, వెడల్పు పదునైదు. అనగా నాలుగువందల ఇరువది చదరపు మీటర్లు. మన లెక్కలో పదిన్నర సెంట్లకు కొంచెము తక్కువ. ఫుట్‌బాలునకు పెద్దపోటీలలో వాడు మైదానము ఎకరమున్నర దాటి ఎకరముముప్పాతికకు వచ్చును. క్రికెట్టునకు ఇంకను ఎక్కువ. ఇప్పుడు ముగ్గురేసి ఆడు బాస్కెట్‌బాల్ ఒకటి ప్రబలినది. దానికి ఒక్క ఉట్టియే చాలును. పక్షమునకు మారుమనిషితో కూడ నలుగురు చాలుదురు. నేల నాలుగు సెంట్లు. వీథులలో పుట్టిన ఈ పొట్టియాట 2021లో టోక్యో ఒలింపిక్ క్రీడలలో ప్రవేశము పొందినది.

నేల కొరతయైనచోట ఈ లెక్క యెంత విలువగలదో తెలియవలెనన్న దీవులవైపు చూడవలెను. మాల్దీవుల రాజధానియైన మాలే పట్టణము రెండు చదరపు కిలోమీటర్ల ప్రాంతపు దీవి. మన కొలతలో అయిదువందల ఎకరములు. అందు లక్షకు మించిన జనము కాపురమున్నారు. అటువంటిచోట పిల్లల ఆటకు ఎకరములు విడిచిపెట్టుట ఎవరి తరము? పది సెంట్లు వేరుచేయుట మాత్రము సాధ్యము.

ఇప్పుడు ఆ దీవులు కూడుకొను పోటీలను గూర్చి చెప్పెదను. వీనికి హిందూమహాసముద్ర ద్వీప క్రీడలని పేరు. మడగాస్కరు, మారిషసు, రీయూనియను, సేషెల్సు, కొమొరోసు, మాల్దీవులు, మయోత్, ఈ ఏడును అందు పాల్గొనునవి. వీనిలో రీయూనియను, మయోత్ అనునవి నేటికిని ఫ్రాన్సు దేశపు భాగములు. తక్కినవి స్వతంత్రములు. మడగాస్కరు 1960లోను, మాల్దీవులు 1965లోను, మారిషసు 1968లోను, కొమొరోసు 1975లోను, సేషెల్సు 1976లోను స్వాతంత్ర్యము పొందినవి. సేషెల్సు స్వతంత్రమైన మూడేండ్లకే, 1979లో, మొదటి ద్వీప క్రీడలు రీయూనియనులో జరిగినవి. రెండవవి 1985లో మారిషసులోను, మూడవవి 1990లో మడగాస్కరులోను, నాలుగవవి 1993లో సేషెల్సులోను జరిగినవి. ఈ విధముగా దీవినుండి దీవికి తిరుగుచు 2019లో మారిషసుకును, 2023లో మడగాస్కరుకును మరల వచ్చినవి. పరుగుపందెములు, ఈత, ఫుట్‌బాలు మొదలగువానితో పాటు బాస్కెట్‌బాలును అందు ఆడుదురు. పురుషులకు వేరుగాను స్త్రీలకు వేరుగాను.

ఇంత చిన్న దేశములకు వేరుగా పోటీలెందుకు, ఒలింపిక్సు ఉన్నవి గదా యని మీరడుగవచ్చును. ఉన్నవి. కాని ఒలింపిక్సు బాస్కెట్‌బాల్‌లో పురుషుల జట్లు పండ్రెండు, స్త్రీల జట్లు పండ్రెండు మాత్రమే ఆడును. ప్రపంచమున ఈ ఆట ఆడు దేశములు రెండువందలకు పైబడియున్నవి. ఆ పండ్రెండింటిలో లక్షజనమున్న సేషెల్సునకు చోటెట్లు దొరకును? పరుగుపందెమునకు ఒక్కడు పోయి నిలువవచ్చును. జట్టుయాటకు అట్లు వీలుకాదు. స్వర్గము బహుదూరము. కాబట్టి ఈ దీవులు తమ నడుమ తామే ఒక ఉట్టిని కట్టుకొన్నవి. దానికెగురుటకు వానికి హక్కు కలదు, అవకాశము కలదు, ఎగిరినప్పుడు చూచి మెచ్చుకొను ఇరుగుపొరుగు కలదు.

ఇరుగుపొరుగంటిని గాని ఆ పొరుగు దగ్గరిది కాదు. మారిషసునుండి రీయూనియను సుమారు రెండువందల కిలోమీటర్లు. మాల్దీవులనుండి మారిషసు మూడువేల కిలోమీటర్లకు పైమాట. జట్టు బయలుదేరవలెనన్న ఆటగాండ్రకును శిక్షకులకును విమానపు ఖర్చు పెట్టవలెను. ఆతిథ్యమిచ్చు దీవి పైకప్పుగల ఆటశాల కట్టవలెను, నేల చదును చేయవలెను, న్యాయనిర్ణేతలను తీర్చిదిద్దవలెను. క్రీడలు పదిదినములలో ముగిసిపోవును. ఆటశాల మాత్రము ఆ ఊరి పిల్లలకు మిగులును. పెండ్లికి వేసిన పందిరి మరునాడు విప్పుదుము; పెండ్లికి త్రవ్విన బావి మాత్రము ఊరికి నిలుచును. ఈ క్రీడల ఫలమును నేను ఆ బావితో పోల్చుచున్నాను.

ఇందొక చిక్కు కలదు. దానిని దాచుట న్యాయము కాదు. ఈ ఏడు దీవులును సమానములు కావు. మడగాస్కరు అయిదులక్షల ఎనుబదియేడువేల చదరపు కిలోమీటర్ల మహాద్వీపము. మన ఆంధ్రప్రదేశమును తెలంగాణమును కలిపి కొలిచినను అందు సగము నిండదు. జనము మూడుకోట్ల ప్రాంతము. సేషెల్సు జనము మన మండలములు రెండింటి జనముకన్న విశేషముగా ఎక్కువ కాదు. ఒకచోట మూడువందల మందిలో ఒకనిని ఎన్నుకొన్న, రెండవచోట ఆ ఒక్కనినే తీసికొనవలసి వచ్చును. పైగా మడగాస్కరులో బాస్కెట్‌బాల్ మిగుల వ్యాప్తిచెందిన ఆట. ఆఫ్రికాఖండపు స్త్రీల పోటీలు 2009లోను, పురుషుల పోటీలు 2011లోను దాని రాజధానియైన అంటానానారివోలోనే జరిగినవి. అట్టివారితో చిన్నదీవివారు తలపడుట కొండను పొట్టేలు ఢీకొనుట గాదా?

నేను చాలదినము లిది ఆలోచించితిని. నాకు తోచిన సమాధానమిది. మూడుకోట్ల జనమున్నను మడగాస్కరు ఆటస్థలములోనికి పంపగలవారు అయిదుగురే. లక్షజనమున్న సేషెల్సును అయిదుగురినే పంపును. జనసంఖ్యనుబట్టి కడియము వంగదు. ఇరువదినాలుగు సెకనులు ఇరువురికిని ఇరువదినాలుగే. ఆ నలుబది నిముషములు పెద్దదియు చిన్నదియు ఒకే తక్కెడలో తూగును. ఓడిపోయినను ఓడినవాడు ఎన్ని గుణములతో ఓడెనో, క్రిందటిమారుకన్న ఎంత దగ్గరకు వచ్చెనో లెక్క మిగులును. విద్యార్థికి మొదటిమారు ముప్పది మార్కులు, రెండవమారు నలుబది వచ్చిన, తరగతిలో మొదటివాడు కాకున్నను ఉపాధ్యాయునకు సంతోషము గలుగదా?

అట్లని ఆటస్థలములోని న్యాయము బయటికిని ప్రాకునని నేననజాలను. 2015లో రీయూనియనులో క్రీడలు జరిగినప్పుడు మయోత్ క్రీడాకారులు ఫ్రెంచి పతాకము క్రింద నడుచుటపై వివాదము పుట్టెను. కొమొరోసువారు మయోత్ తమ ద్వీపసముదాయములోనిదేయనుచు దానిపై హక్కు చెప్పుచున్నవారు. 1975లో తక్కిన మూడు దీవులు స్వతంత్రమైనప్పుడు మయోత్ ఫ్రాన్సుతో నిలిచినది. 2011లో ఫ్రాన్సు దేశపు జిల్లాగా మారినది. ఆ పతాకమును చూచి కొమొరోసు బృందము క్రీడలను విడిచి తరలిపోయెను. ఏండ్లతరబడి సాధనచేసి వచ్చినవారు ఆడకయే మరలిరి. ఎవరిది న్యాయమో తీర్పుచెప్పుట నా పని కాదు. పెద్దల తగవులలో పిల్లల ఆట మునుగునని మాత్రము మనము నేర్చుకొనదగినది. మరల 2019లోను 2023లోను అందరును వచ్చి కూడుకొనిరి. ఆట తగవును తీర్చలేదు. తగవున్నవారిని ఒకచోటికి మాత్రము తేగలిగినది. అదియు చిన్నపని కాదు.

ఈ దీవులలో మనకు చుట్టరికమున్నది మారిషసు. 1834 మొదలుకొని ఆంగ్లేయులు మన దేశమునుండి ఒడంబడిక పద్ధతిపై కూలీలను ఆ దీవి చెరకుతోటలకు తరలించిరి. కాకినాడ చెంతనున్న కోరంగి రేవునుండి మన తెలుగువారును ఓడలెక్కిరి. 1843లో వెళ్లిన ఓడ యొకదానికి కోరంగి ప్యాకెట్ అనియే పేరు. రేవు పేరునుబట్టి అక్కడ తెలుగువారిని కోరంగివారని పిలుచుట పరిపాటియయ్యెను. వారి సంతతివారు నేటికిని ఉగాది చేసికొందురు. ఆ దినము ఆ దేశమంతటికిని సెలవు. పాఠశాలలలో తెలుగు నేర్పుదురు. మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో అక్కడనే జరిగినవి.

ఇక నా తప్పును చెప్పెదను. పాతికేండ్ల క్రిందట నేను ఒక గ్రామ ఉన్నతపాఠశాలలో తెలుగు పండితుడను. బడివెనుక పండ్రెండు సెంట్ల ఖాళీస్థలముండెను. క్రొత్తగా వచ్చిన డ్రిల్లు మేష్టరు అందు రెండు స్తంభములు పాతి బాస్కెట్‌బాల్ నేర్పుదునని సంఘమువారిని కోరెను. పదవతరగతి కుర్రవాడొకడు, ఆడపిల్లలు నలుగురును చేతులు కట్టుకొని అతని వెనుక నిలిచియుండిరి. పెద్దలు నా అభిప్రాయమడిగిరి. నేను నవ్వి, "ఉట్టికెగరలేనమ్మ స్వర్గమునకెగురునా! లెక్కలలో గట్టెక్కలేనివారికి ఈ ఎగురుళ్లెందుకు?" అంటిని. అందరును నవ్విరి. ఆ నవ్వుతో ఆ మాట తెగిపోయినది. ఆ స్థలములో విరిగిన బల్లలు దాచుటకు రేకుల సాల యొకటి వేసిరి. డ్రిల్లు మేష్టరు మరుసటి యేడు బదిలీ చేయించుకొని వెళ్లిపోయెను. ఆ కుర్రవాడు తలవంచుకొని వెళ్లుట నేను చూచితిని, చూచియు మరచితిని.

ఆ కుర్రవాడు పెరిగి పెద్దవాడై ఉద్యోగరీత్యా మారిషసు చేరెను. 2019లో అక్కడ ద్వీప క్రీడలు జరిగినప్పుడు నాకొక జాబు వ్రాసెను. తాను బాస్కెట్‌బాల్ చూడబోయితిననియు, స్త్రీల ఆటకు కుటుంబములకు కుటుంబములే పిల్లాపాపలతో వచ్చి కూర్చుండిరనియు, ఆడువారిలో ఎవరి తాత ఏ ఓడలో వచ్చెనో అడిగినవారు లేరనియు వ్రాసి, తుదిని ఇట్లనెను: "మేష్టారూ, వీళ్లు మొదట ఉట్టి కట్టుకున్నారు. తరవాత ఎగరడం నేర్చుకున్నారు. మన బడివెనక పన్నెండు సెంట్లలో ఇప్పుడేముంది?"

జాబు చేతబట్టుకొని చాలసేపు కూర్చుంటిని. సామెతను నేను పొరపాటుగా చదివితిని. ఉట్టికెగరలేనమ్మను చూచి నవ్వుట ఆ సామెత యర్థమని యనుకొంటిని. ఆమె ఇంట ఉట్టియే లేకున్న ఎగురుట ఎట్లు నేర్చును? ఉట్టి కట్టవలసినవారము మనము. కట్టక, ఎగరలేదని నిందించితిని. పండితునకు ఇంతకన్న పెద్ద అపార్థము లేదు.

ఆ రేకుల సాల ఇప్పుడు ఒకప్రక్కకు ఒరిగియున్నది. దానిని తీసివేసి ఆ స్థలమున నేమి చేయవలెనో వచ్చు నెలలో గ్రామసభలో మాట రానున్నది. దుకాణముల గదులు కట్టి అద్దెకిచ్చిన ఆదాయము వచ్చునని కొందరందురు. ఆదాయము వచ్చుట నిజమే. ఈమారు నన్నడిగినను అడుగకున్నను లేచి మాటలాడ నిశ్చయించుకొంటిని. నా మాట చెల్లునో చెల్లదో తెలియదు. వెనుక నా మాట చెల్లినప్పుడు జరిగిన నష్టము మాత్రము తెలియును.

మీ గ్రామములలోను ఇటువంటి పది పండ్రెండు సెంట్లు ఎక్కడనో ఒకచోట పడియుండును. దానిని గూర్చి పిల్లలు చేతులు కట్టుకొని మీ యెదుట నిలిచినప్పుడు సామెతలు చెప్పకుడు. రెండు స్తంభములు పాతించి, పది అడుగులు మీరే కొలిపింపుడు. కొలత ఒక్క అంగుళమైన తగ్గింపవలదు, పెంపవలదు. తక్కినది వారు చూచుకొందురు.